చెరిగిపోయిన సుత్తి దెబ్బ

సైరన్ తర్వాత: తొమ్మిదో భాగం

కిందటి వారం నన్ను ఎక్కడ వదిలేసి వెళ్ళారో గుర్తుందా? శనివారం సాయంత్రం, అందరూ వెళ్ళిపోయిన స్టూడియోలో, చేతిలో మా బ్యాండులో కంప్యూటరు శబ్దాలు చూసే ముసేద్ ఫ్లాపీల డబ్బాతో. నాలుగే నాలుగు ఫ్లాపీలు. మా ఆల్బమ్‌లో ఏడో పాటని నిలబెట్టే సుత్తి దెబ్బ వాటిలోనే ఉంది. ఆ డబ్బాని నా గిటారు స్పీకరు వెనక, సరిగ్గా అయస్కాంతానికి ఆనించి పెట్టి, తలుపు వేసి, ఇంటికెళ్ళి శుభ్రంగా భోంచేశాను. మీరు మర్చిపోయినా నేను మర్చిపోను లెండి.

షెఫీల్డ్‌లో వాయిద్యం ముట్టుకున్న ప్రతివాళ్ళకీ మొదటి రోజే చెప్పే మాట ఒకటుంది. టేపునీ ఫ్లాపీనీ స్పీకరు దగ్గర పెట్టకు, అయస్కాంతం నాకేస్తుంది. కాబట్టి పొరపాటున జరిగిందని నేను ఎవరికీ చెప్పలేను. నాకు నేను మాత్రం ఆదివారమంతా అదే చెప్పుకున్నాను.

మంగళవారం ఉదయం పదిన్నరకి ముగ్గురం స్టూడియోలో చేరాం. ఒకప్పుడు చెంచాలకి మెరుగు పెట్టిన కార్ఖానా అది. మూడో అంతస్తు. గోడల్లోంచి ఇప్పటికీ నూనె వాసన వస్తుంది. మా సౌండ్ ఇంజినీరు ప్రూ వాళ్ళమ్మ ఇదే గదిలో ముప్పై ఏళ్ళు చెంచాలు రుద్దింది. ప్రూకి యాభై దాటాయి. అందర్నీ బంగారం అంటుంది, తిట్టేటప్పుడు కూడా.

"శుక్రవారం మధ్యాహ్నం రైలుకి టేపు లండన్ వెళ్ళాలి బంగారాలూ. పది పాటలు తయారు. ఈ ఒక్కటీ ఇవాళ తేలకపోతే మీ ఇద్దర్నీ కిటికీలోంచి కిందికి తోసేస్తాను. ముందు ఎవర్ని తొయ్యాలో మీరే తేల్చుకోండి," అంది ప్రూ, టీ కప్పుల మధ్య మోచేతులు ఆనించి.

ఈ కథకి పెట్టిన 'సైరన్ తర్వాత' అన్న పేరే మా ఆల్బమ్‌దీ. ఇనుప మోత, కంప్యూటరు శబ్దం, నా గిటారు, నా గొంతు. లండన్ కంపెనీ మనిషి కిందటి నెల వచ్చి, మేం ఎదురుగా వాయిస్తుంటే అన్నీ విన్నాడు. ఏడో పాట దగ్గర మాత్రం కుర్చీలోంచి లేచాడు. "ఆ దెబ్బ! ఆ దెబ్బ ఎవరు చేశారు?" అన్నాడు. ముసేద్ తల వంచుకుని నవ్వాడు. ఆ పాట రాసింది నేను, పాడింది నేను. నా మొహం వంక చూసినవాడు లేడు.

ఆ దెబ్బ మా నాన్నది. వాల్టర్ స్టానిఫోర్త్, ఉక్కు ఫ్యాక్టరీలో ఐదు టన్నుల సుత్తి యంత్రం నడిపినవాడు, ముప్పై ఎనిమిదేళ్ళు. మూడేళ్ళ కిందట ఆ ఫ్యాక్టరీ మూసేసిన రోజున చివరిసారి ఆ సుత్తి దిగుతుంటే ముసేద్ వెళ్ళి టేపులోకి పట్టాడు. తర్వాత దాన్ని శాంప్లర్‌లోకి ఎక్కించి, ఫ్లాపీల్లో దాచాడు. శాంప్లర్ అంటే ఏ శబ్దాన్నయినా మింగి, మీట నొక్కినప్పుడల్లా తిరిగి కక్కే పెట్టె. అసలు టేపు మీద మేమే తెలివిగా మా రెండో పాట రికార్డు చేసేశాం. ఇంకో కాపీ తీసి పెట్టుకోవాలన్న బుద్ధి ఎవరికీ పుట్టలేదు.

ముసేద్ మొదటి ఫ్లాపీ పెట్టాడు. పెట్టె టిక్కు టిక్కుమని కాసేపు గొణిగి, చదవలేనంది. వాడు దాన్ని తీసి, చొక్కాకి తుడిచి, మళ్ళీ పెట్టాడు. అదే గొణుగుడు. రెండోది, మూడోది, నాలుగోది. వాడు వాటిని మళ్ళీ మొదట్నుంచీ వరసగా పెట్టడం చూశాను. చూసి, కిటికీ వైపు తిరిగాను.

"నాలుగూ పోయాయి. ఒక్కటి పోతే అనుకోవచ్చు. నాలుగూ ఎలా పోతాయి?" అన్నాడు.

"అయ్యో," అంది ప్రూ. "ఆదివారం ఊడుస్తుంటే ఆ డబ్బా లోర్నా స్పీకరు వెనక దొరికింది బంగారం. జారి పడిందేమో అనుకుని తీసి అరలో పెట్టాను. అంతకుముందు ఎంతసేపు పడుందో ఏమో."

ప్రూ ఇద్దరి మొహాలూ చూసింది. ఆవిడ మొద్దు కాదు. "నేను కిందికెళ్ళి లండన్‌కి ఫోన్ చేసి, ఒక్కరోజు గడువు అడుగుతాను. తిరిగొచ్చేసరికి ఇద్దరూ బతికే ఉండాలి," అని తలుపు దగ్గరికి లాగి వెళ్ళిపోయింది.

"నువ్వేనా?" అన్నాడు ముసేద్.

"ఏది నేనా?"

"నాటకాలొద్దు లోర్నా. ఆ డబ్బా తనంతట తను నడుచుకుంటూ వెళ్ళి అయస్కాంతాన్ని కావలించుకోదు."

"సరే, నేనే. అయితే ఏంటి?"

అలా అనేస్తానని నేనూ అనుకోలేదు. వాడు స్టూలు మీద కూలబడ్డాడు. "ఎందుకు?" అన్నాడు.

"ఎందుకా? ఆ మాట అడగడానికి నీకు నోరెలా వచ్చింది? ముందు గ్యారీ డ్రమ్ములు పోయాయి..."

"గ్యారీ బేకరీ పెట్టుకుంటానని వెళ్ళాడు."

"నీ పెట్టె పక్కన కూర్చోలేక వెళ్ళాడు! తర్వాత నా గిటారు. నాలుగు పాటల్లో అది ఉందో లేదో వెతుక్కోవాలి. కంపెనీవాడొస్తే నీ చెయ్యి పట్టుకుని ఊపుతాడు. పోనీ, అదంతా వదిలెయ్. మా నాన్న సంగతేంటి?"

"వాల్ట్ బాబాయ్ సంగతా?"

"బాబాయ్ అనకు! ఆయన నీకు బాబాయ్ ఎప్పుడయ్యాడు?"

చెప్పక తప్పదు, నా కడుపు మంటంతా అక్కడుంది. అమ్మ పోయాక ఇంట్లో మేమిద్దరమే. మా నాన్న నాతో ఆడే మాటలు, టీ ఉందా, వానొస్తుందా, తలుపు వేశావా. అంతే. అలాంటి మనిషి ఏడాదిగా ప్రతి మంగళవారం, ప్రతి శుక్రవారం దువ్వుకుని, కోటు వేసుకుని ముసేద్ వాళ్ళింటికి పోతాడు. వాళ్ళమ్మ యెమెన్ వంటలేవో వండి పెడుతుంది. నేను కాల్చిన మాంసం కూరిన రొట్టెలో సగం వదిలేసే మనిషి అక్కడ రెండోసారి అడిగి తింటాడట. తిరిగొచ్చాక ఆ కోటు కొక్కేనికి తగిలిస్తే మెంతుల వాసన. నేను ఆ కోటుని వాసన చూసేదాన్ని. మొగుడి మీద అనుమానం ఉన్న పెళ్ళాంలాగా, మెడ దగ్గర, చేతుల దగ్గర. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, అయినా చూసేదాన్ని.

"మీ ఇంట్లో కూర్చుని సుత్తి కథలన్నీ నీకు చెబుతాడు. బల్ల మీద దరువేసి చూపిస్తాడు. ఒకరోజు నేను మీ కిటికీలోంచి చూశాను. నవ్వుతున్నాడు ముసేద్. పళ్ళన్నీ కనబడేలా. నా కచేరీకి పదకొండేళ్ళలో ఒక్కసారి వచ్చాడు, ఎనిమిదేళ్ళ కిందట. రెండు పాటలు విని లేచిపోయాడు. ఉక్కు తప్ప ఏమీ ఎరగని ఆ మనిషిని నీకెవరిచ్చారు? నీకు తండ్రి లేడని మా నాన్నని పట్టుకుపోతావా?"

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. వాళ్ళ నాన్న అదే షెడ్డులో, అదే సుత్తి ముందున్న కొలిమి దగ్గర ఇరవై రెండేళ్ళు పనిచేసి, ఊపిరితిత్తులు చెడి చనిపోయాడు. ముసేద్ కోప్పడితే బాగుండేది. వాడు నెమ్మదిగా అడిగాడు.

"రెండు పాటలు విన్నాడని ఎవరు చెప్పారు?"

"నేను స్టేజీ మీదే ఉన్నాను. కళ్ళారా చూశాను."

"చూశావు. ఆయన మాత్రం ఏదీ వినలేదు. మీ నాన్నకి చెవుడని నీకు తెలుసు కదా?"

"సుత్తివాళ్ళందరికీ చెవుడే. పెదాలు చూసి మాట పట్టుకుంటాడు. ఇందులో కొత్తేముంది?"

"ఏ చెవుడో తెలుసా? సన్నటి శబ్దాలన్నీ పోయాయి. గిటారు, ఆడవాళ్ళ గొంతు, పిట్టల కూతలు. ఆ రోజు నీ నోరు కదలడం కనబడిందట. వేళ్ళు కదలడం కనబడిందట. చుట్టూ జనం చప్పట్లు కొడుతున్నారట. తనకి మాత్రం ఏమీ లేదట. అంతమందిలో ఏడుస్తానేమో అని లేచి వచ్చేశానని చెప్పాడు."

నేను కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాచాను. అక్కడ కుర్చీ లేదు.

"ఏడాది కిందట మా గుమ్మంలోకి వచ్చి, టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు లోర్నా. ఏమడిగాడో తెలుసా? మా అమ్మాయి పాటలో నాకు వినబడేది ఒక్కటైనా పెట్టగలవా అబ్బాయ్, అని. నా కాళ్ళకి తెలిసేది సుత్తి ఒక్కటే, దాన్ని పెడితే ఆ దెబ్బ పట్టుకుని తను ఎక్కడ పాడుతోందో లెక్కేసుకుంటాను, అని. అందుకే వచ్చేవాడు. నువ్వు రాసిన ప్రతి మాటా ఏ దెబ్బ మీద పడుతుందో బల్ల మీద నేర్చుకున్నాడు. ఆ కిటికీలోంచి నువ్వు చూసిన నవ్వు, రెండో చరణం మొదటిసారి తప్పులేకుండా వచ్చినప్పటిది అయ్యుంటుంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పొద్దన్నాడు. పాట పూర్తయ్యాక తనే వచ్చి కూర్చుంటానన్నాడు. ఇవాళ పన్నెండింటికి వస్తున్నాడు. నేనే రమ్మన్నాను."

గోడ గడియారంలో పన్నెండుకి ఇంకా ఎనిమిది నిమిషాలున్నాయి. మా నాన్నకి ముందే రావడం అలవాటు. మెట్ల మీద అప్పటికే ఇనుప ముక్కు బూట్ల చప్పుడు వినబడుతోంది.

"నువ్వే చెప్పు ఆయనకి. నేను చెప్పను," అన్నాడు ముసేద్.

మా నాన్న లోపలికొచ్చి, టోపీ తీసి, గదంతా ఒకసారి చూశాడు. పెళ్ళికి వచ్చినట్టు టై కట్టుకున్నాడు. నన్ను చూసి, దొరికిపోయిన దొంగలా నవ్వాడు.

"మావాడు చెప్పేశాడా ఏంటి తల్లీ?"

మావాడు. అంత సిగ్గులోనూ ఆ మాట నాకు సూదిలా దిగింది. ఎప్పటికి బాగుపడతానో నేను!

ఆయన బూట్లు విప్పాడు. ఎడమ మేజోడు బొటనవేలి దగ్గర కుట్టు ఉంది, నేను వేసిందే. గదిలో అన్నిటికంటే పెద్ద స్పీకరు పెట్టె మీద కూర్చుని, పాదాలు నేలకి ఆనించి, రెండు అరచేతులూ పెట్టె మీద పరిచాడు. "పెట్టండి మరి. కాళ్ళు చల్లబడిపోతున్నాయి," అన్నాడు.

ఎవరూ కదల్లేదు. ఆయన మా పెదాల వంక చూశాడు. పెదాలు కదలకపోతే మొహం చదవగల మనిషి.

"ఏమైంది?"

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. సుత్తి షెడ్డులో మాట వినబడదు. అన్నీ సైగలే. అరచెయ్యి పైకంటే ఎత్తు, రెండు వేళ్ళంటే మెల్లగా, పిడికిలంటే పూర్తి దెబ్బ. పని చెడితే, ఎవరి వల్ల చెడిందో వాళ్ళు తల మీద చెయ్యి పెట్టుకోవాలి. తప్పు నాది అని. లేకపోతే ఆ మోతలో ఒకడి తప్పు ఇంకొకడి మీద పడుతుంది. మేస్త్రీ తలూపేదాకా ఆ చెయ్యి దించకూడదు. మా ఇంట్లోనూ అదే పద్ధతి. చిన్నప్పుడు నేను ప్లేటు పగలగొడితే తల మీద చెయ్యి పెట్టుకుని నిలబడేదాన్ని. నాన్న తలూపేవాడు. దాంతో అయిపోయేది, మళ్ళీ ఆ ఊసే ఉండేది కాదు.

చెయ్యి ఎత్తడానికి ఎంతసేపు పడుతుంది? నా చెయ్యి జేబులోనే ఉంది. ముసేద్ నన్ను చూశాడు. తర్వాత వాడే తన కుడిచెయ్యి ఎత్తి, తల మీద పెట్టుకున్నాడు.

"ఫ్లాపీలు స్పీకరు దగ్గర వదిలేశాను బాబాయ్. దెబ్బ చెరిగిపోయింది. ఇంకో కాపీ లేదు."

నాన్న మొహంలో రంగు మారింది. "అందరికంటే ముందు నువ్వే చెబుతావు కదరా, స్పీకరు దగ్గర పెట్టకూడదని! నన్ను ఏడాది బల్ల ముందు కూర్చోబెట్టి... ఇంత అజాగ్రత్తా?"

నిజం చెబుతాను. చెప్పకపోతే ఈ కథ రాయడం దండగ. ముసేద్‌ని మా నాన్న అలా కోపంగా చూడటం అదే మొదటిసారి, నాకు హాయిగా అనిపించింది. రెండు క్షణాలు, మూడు క్షణాలు. తర్వాత నా మీద నాకే రోత పుట్టింది. అయినా నోరు తెరవలేదు.

నాన్న చూపు నేల మీదికి దించాడు. తలూపలేదు. ముసేద్ చెయ్యి తల మీదే ఉంది.

"సుత్తి ఇంకా ఉంది," అన్నాడు చివరికి.

"పాత ఇనుముకి అమ్మేశారుగా?" అన్నాను.

"షెడ్డు కప్పు పీకేశారు, రెండు గోడలు పడగొట్టారు. సుత్తిని మాత్రం పునాదిలోంచి కదపలేకపోయారు. నేను రోజూ బస్సులో పోయి చూసొస్తున్నానుగా. గురువారం గ్యాసు మంటతో ముక్కలు కోస్తారంట. కూల్చేవాళ్ళ మేస్త్రీ సిరిల్ నా దగ్గర పని నేర్చుకున్నవాడే. బండలు పగలగొట్టడానికి వాళ్ళు తెచ్చుకున్న గాలి యంత్రం ఉంది కదా, దాని గొట్టం మన సుత్తికి తగిలిస్తే మూడు దెబ్బలకి సరిపోతుందన్నాడు. మూడే. రేపు పొద్దున పదింటికి."

మూడు దెబ్బలు చాలు. ఒక్కటి చాలు మా పెట్టెకి. నేను ముసేద్ వైపు తిరిగాను. వాడి కళ్ళు అప్పటికే వెలిగాయి.

"నీకు చెప్పకుండా దాచాను అబ్బాయ్. రేపు నిన్ను తీసుకెళ్ళి, సుత్తి నడిపే లీవరు నీ చేత పట్టిద్దామనుకున్నా," అన్నాడు నాన్న వాడితో. "మీ నాన్న ఆ లీవరు ఇమ్మని ఏడుసార్లు అర్జీ పెట్టాడు. ఇచ్చుంటే నాకంటే బాగా నడిపేవాడు. యెమెన్ వాళ్ళకి కొలిమి పనే చాలు, లీవరెందుకన్నారు పైవాళ్ళు. నేను ఆ లీవరు పట్టుకునే నిలబడున్నాను. నోరెత్తలేదు. ఆ రోజు తల మీద చెయ్యి పెట్టుకోవాల్సింది నేను."

ముసేద్ రెండో చేత్తో స్టూలు అంచు పట్టుకున్నాడు.

"కానీ పద్ధతి పద్ధతే. పని చెడగొట్టినవాడు ఆ పని పూర్తయ్యేదాకా సుత్తి ముట్టుకోడు. ఆ పద్ధతి వల్లే నాకు ఇంకా పది వేళ్ళున్నాయి." నాన్న లేచి నిలబడి, మేజోళ్ళతోనే నా దగ్గరికొచ్చి, నా భుజం మీద చెయ్యి వేశాడు. ఎన్నేళ్ళయిందో ఆ చెయ్యి నా మీద పడి. "రేపు లీవరు మా అమ్మాయి పడుతుంది. తన పాట, తన దెబ్బ. చిన్నప్పుడు షెడ్డులోకి వస్తానంటే ఆడపిల్లకి ఇక్కడేం పని అన్నాను. అది కూడా తప్పే."

పదకొండేళ్ళుగా నేను వినాలనుకున్న మాటలు అవి. ఆయన కళ్ళలో నేను తప్ప ఎవరూ లేరు. సంతోషంతో నాకు కళ్ళు తిరిగాయి. ఆ సంతోషం మీదే నిలబడి ముసేద్ వైపు చూశాను.

వాడి మొహంలో ఒక చూపు ఉంది. అది నాకు కొత్త కాదు. ఏడాదిగా రోజూ పొద్దున్నే అద్దంలో చూసుకుంటున్నదే. మా నాన్న చెయ్యి నా భుజం మీద ఎక్కడుందో సరిగ్గా అక్కడే వాడి కళ్ళు ఆగిపోయాయి.

మా నాన్న ఇంకా తలూపలేదు.

ముసేద్ చెయ్యి తల మీంచి నెమ్మదిగా కిందికి దిగింది.

"బాబాయ్," అన్నాడు, నన్నే చూస్తూ. "నా పెదాల వంక చూడు. ఒక మాట చెప్పాలి."